రూపాయి పడినా లేచినా ఎవరి మెడ బోసి?

రూపాయి విలువ పడిపోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో రెండు రకాల రాతలు కనిపిస్తాయి. ఒకటి, దేశ ప్రతిష్ఠ దిగజారిపోయిందన్న శోకం. రెండోది, ఎగుమతులు పెరుగుతాయి కనుక ఇది మన మంచికేనన్న ఓదార్పు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినప్పుడూ ఇదే జరిగింది. కొందరు రూపాయిని జెండాలా చూస్తారు. కొందరు సరుకులా చూస్తారు. ఆ రూపాయిని కొంగున ముడి వేసుకుని అంగడికి వెళ్లే స్త్రీ ఈ రెండు వాదనల్లోనూ కనిపించదు. రూపాయి విలువ ఆర్థిక శాస్త్రవేత్తల వ్యవహారమనీ, మహిళా సంఘాలకు దానితో పనేముందనీ మనలో కూడా ఒక అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం ఎంత తప్పో చూడడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. కడప జిల్లాలోని మూడు ఊళ్లు చూస్తే చాలు.

ప్రొద్దుటూరు బంగారం మీదా బట్టల వ్యాపారం మీదా బతుకుతున్న ఊరు. జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గాలు ఉన్నాయి. పులివెందుల వేరుశనగ, చీనీ, అరటి పండించే ప్రాంతం. ఈ మూడింటినీ, జిల్లా మొత్తాన్నీ కలిపే దారి మరొకటి ఉంది. అది కువైట్ దారి. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, జిల్లా నలుమూలల నుంచీ స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్తూనే ఉన్నారు. బంగారం విదేశీ సరుకు. పట్టునూలు, రంగులు కొంత విదేశీ సరుకు. వంటనూనె సగానికి పైగా విదేశీ సరుకు. దీనారు విదేశీ డబ్బు. కరువు సీమలో ఏ మూలనో ఉందనుకునే ఇల్లు నాలుగు వైపులా ప్రపంచ మార్కెట్‌కు కట్టివేయబడి ఉంది. రూపాయి కదిలిన ప్రతిసారీ ఆ ఇంటి లెక్క కదులుతుంది.

ముందు రూపాయి బలం, బలహీనత అంటే ఏమిటో తేల్చుకుందాం. ఒక డాలరుకు ఎక్కువ రూపాయలు ఇవ్వాల్సి వస్తే రూపాయి బలహీనపడిందంటారు. అప్పుడు బయటి నుంచి కొనేవన్నీ ప్రియమవుతాయి. మనం బయటికి అమ్మే సరుకు బయటివాళ్లకు చౌక అవుతుంది. బయట సంపాదించి పంపే సొమ్ము ఇక్కడ ఎక్కువ రూపాయలవుతుంది. రూపాయి బలపడితే ఇవన్నీ తారుమారవుతాయి. అంటే రూపాయి పడినా లేచినా దేశంలో అందరికీ ఒకేలా లాభం రాదు, ఒకేలా నష్టం రాదు. కొందరి జేబులోంచి తీసి కొందరి జేబులో వేయడమే జరుగుతుంది. కాబట్టి రూపాయి బలంగా ఉండాలా, బలహీనంగా ఉండాలా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్తోంది? ఒకే ఇంట్లో మగవాడి జేబుకూ ఆడమనిషి కొంగుకూ మధ్య అది ఏ దారిన పోతోంది? మన ప్రశ్న ఇదీ.

బలమైన రూపాయి అంటే మనకు మేలని అనుకునేవాళ్లు 1931ని గుర్తు చేసుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1927లో చట్టం చేసి రూపాయి విలువను 1 షిల్లింగు 6 పెన్నీల దగ్గర నిలబెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అది 1 షిల్లింగు 4 పెన్నీలు. మన మీద ప్రేమతో రూపాయిని పెంచలేదు. ఇంగ్లీషు అధికారుల పెన్షన్లు, లండనుకు కట్టాల్సిన ఖర్చులు పౌండ్లలో ఉండేవి. రూపాయి బలంగా ఉంటే అవి తక్కువ రూపాయలతో తీరతాయి. ఇంగ్లండు మిల్లు బట్ట ఇక్కడ చౌకగా దిగుతుంది. పత్తి, వేరుశనగ పండించే రైతుకు మాత్రం తన పంటకు వచ్చే రూపాయలు తగ్గాయి. 1929 తర్వాత ప్రపంచ మాంద్యం వచ్చి పంటల ధరలు కుప్పకూలాయి. శిస్తూ వడ్డీ తగ్గలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌండును బంగారం నుంచి విడదీసింది. పౌండుకు కట్టేసిన రూపాయి దానితోపాటే పడింది. బంగారం ధర పెరిగింది. అప్పుల్లో మునిగిన రైతు కుటుంబాలు అయినకాడికి నగలు అమ్ముకున్నాయి. ఆ బంగారం బొంబాయి రేవు నుంచి ఏళ్ల తరబడి ఓడలెక్కి లండను చేరింది. ఎగుమతి లెక్కల్లో ఔన్సులు, పౌండ్లు జాగ్రత్తగా రాసి ఉన్నాయి. అది ఏ చెవినుంచి వచ్చిందో, ఏ మెడనుంచి వచ్చిందో రాసి లేదు.

అరవై ఏళ్ల తర్వాత బలహీన రూపాయి కథ జరిగింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకుపోయిన సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్లలో చాలామంది కట్టుబట్టలతో ఇల్లు చేరారు. గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము తగ్గింది. చమురు ధర పెరిగింది. దేశం చేతిలోని విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు కూడా చాలని స్థితికి వచ్చింది. 1991 మే నెలలో ప్రభుత్వం 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండ్ బ్యాంకు ద్వారా అమ్మింది. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తరలించి అప్పు తెచ్చింది. అదే జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయలున్న డాలరు దాదాపు 26 రూపాయలయింది. దానితోపాటే నూతన ఆర్థిక విధానాలు వచ్చాయి.

కువైట్ యుద్ధం ఒక వైపు కడప ఇళ్ల ఆదాయాన్ని తెంచింది. మరో వైపు దేశపు బంగారాన్ని కుదవకు పంపింది. దేశం తన బంగారాన్ని కొద్ది నెలల్లోనే విడిపించుకుంది. ఊళ్లల్లో కుదవ పెట్టిన కమ్మలూ గాజులూ ఎన్ని విడుదలయ్యాయో ఎవరూ లెక్క పెట్టలేదు. దేశం బంగారం కుదవ పెడితే అది సంక్షోభం. ఇంటి ఆడమనిషి కుదవ పెడితే అది సంసారం. ఈ రెండు మాటల మధ్య తేడాలోనే మన ఆర్థిక విధానాల స్త్రీ దృష్టి ఎంతో తెలిసిపోతుంది.

ఇప్పుడు ప్రొద్దుటూరు అంగళ్లకు వద్దాం. పసిడిపురి అని పేరున్న ఈ ఊరికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా పెళ్లి నగలకు వస్తారు. ఇక్కడి ధర ఇక్కడ నిర్ణయం కాదు. ప్రపంచ మార్కెట్లో డాలర్లలో ఉన్న ధర, రూపాయి మారకపు రేటు, దిగుమతి సుంకం, ఈ మూడూ కలిస్తే మన అంగడి ధర. 1991లో 10 గ్రాముల బంగారం సుమారు 3,500 రూపాయలు. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది. డాలర్లలో చూస్తే ఈ మధ్య కాలంలో బంగారం ధర తొమ్మిది, పది రెట్లు పెరిగింది. రూపాయల్లో చూస్తే దాదాపు 30 రెట్లు. ఆ తేడాలో ఎక్కువ భాగం రూపాయి విలువ తరిగిపోవడం వల్ల వచ్చిందే. 2013లో రూపాయి పడుతుంటే ఆపడానికి ప్రభుత్వం బంగారం మీద సుంకాన్ని 10 శాతానికి పెంచింది. 2022 జులైలో 15 శాతం చేసింది. 2024 జులైలో 6 శాతానికి దించింది. ఇలా రూపాయిని కాపాడే పనిలో కూడా బంగారం కొనేవాళ్ల మీదే భారం పడింది. బంగారం మీద ఆడవాళ్లకు మోజు ఎక్కువ, దేశానికి అదే నష్టం అని అప్పట్లో ఉపన్యాసాలు కూడా విన్నాం.

బంగారం మోజు ఎవరిదో కట్నం మాటలు జరిగే చోట తెలుస్తుంది. కట్నం నగదుగా మాట్లాడుకుంటే, పెళ్లి ఏడాది ఆలస్యమైతే ఆ నగదు విలువ కొంత తగ్గుతుంది. తులాల్లో మాట్లాడుకుంటే తగ్గదు. రూపాయి పడినా, సుంకం పెరిగినా, ఎన్ని రూపాయలు పెట్టైనా అన్ని తులాలూ తెచ్చి పెట్టవలసిందే. అంటే రూపాయి బలహీనపడే నష్టం మగపెళ్లివారిని తాకకుండా ముందే ఏర్పాటు ఉంది. ఆ నష్టమంతా ఆడపిల్లను కన్నవాళ్లు మోస్తారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఉండగానే, ద్రవ్యోల్బణం తాకని కట్నపు ఒప్పందం ఊరూరా నడుస్తోంది. పెద్ద బ్యాంకులు కూడా ఇంత పకడ్బందీగా ఒప్పందాలు రాసుకోవు.

ధర పెరిగితే ఇప్పటికే నగలున్న స్త్రీకి లాభమే కదా అని అడగవచ్చు. నిజమే, ఆ నగ ఆమెదే అయితే. స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. నగ మీద హక్కు ఆమెకు ఉన్నా తాకట్టు రసీదు మాత్రం చాలా ఇళ్లలో భర్త పేరునో కొడుకు పేరునో ఉంటుంది. బోరు వేయడానికి, కౌలు కట్టడానికి, కువైట్ వీసాకు నగ పోతుంది. 10 గ్రాముల నగ 60,000 ఉన్నప్పుడు 40,000 అప్పు తెచ్చారనుకుందాం. ధర లక్ష దాటేసరికి వడ్డీ కట్టలేక ఆ నగను వదిలేశారనుకుందాం. అప్పూ వడ్డీ పోను మిగిలే సొమ్ము చట్టం ప్రకారం తాకట్టు పెట్టినవారికి తిరిగి రావాలి. బ్యాంకుల్లో, లైసెన్సు ఉన్న సంస్థల్లో అడిగితే వస్తుంది. చీటీ ముక్క మీద అప్పిచ్చే వడ్డీ వ్యాపారి దగ్గర రాదు. బ్యాంకులో వచ్చినా రసీదు ఎవరి పేరున ఉంటే వారికే వస్తుంది. నగ ఆమె మెడలోంచి పోతుంది, పెరిగిన ధర ఇంకొకరి చేతికి పోతుంది. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ప్రకటించిన నిబంధనల్లో 2,50,000 రూపాయల లోపు బంగారు అప్పులకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చన్నది. ఇది పేదలకు సాయమని చెప్పారు. అప్పు ఎక్కువ పుట్టడం సాయమో, నగ పోవడానికి దారి దగ్గర కావడమో రసీదు మీద పేరును బట్టి ఉంటుంది.

బంగారం కుదవ పెట్టి కువైట్ వెళ్లి, కువైట్ డబ్బుతో బంగారం విడిపించుకోవడం కడప జిల్లాలో ఎన్నో కుటుంబాల జీవిత చక్రం. రూపాయి పడినప్పుడు ఏజెంటు నోట మొదట వచ్చే మాట 'దీనారు రేటు బాగుంది' అని. 2007లో రూపాయి బలపడి డాలరు 40 రూపాయల కిందికి దిగినప్పుడు దీనారుకు 145 రూపాయల లోపే వచ్చింది. 2025 చివరికి 290 దాటింది. రెట్టింపు కదా అనిపిస్తుంది. కొంచెం నిదానంగా లెక్క వేద్దాం.

కువైట్ ప్రభుత్వం 2016లో ఇంటి పనివారి కనీస వేతనం నెలకు 60 దీనార్లని నిర్ణయించింది. అప్పట్లో దీనారు సుమారు 222 రూపాయలు. అంటే దాదాపు 13,300. ఆ 60 దీనార్లే 2025 చివరలో అందుకున్న స్త్రీకి దాదాపు 17,500 వస్తాయి. అంటే మూడో వంతు కంటే కొంచెం తక్కువ పెరుగుదల. అదే కాలంలో మన దేశంలో వినియోగదారుల ధరల సూచీ దాదాపు సగం పెరిగింది. దీనార్లలో ఒక్క ఫిల్స్ పెరగలేదు. రూపాయల్లో పెరిగినట్టు కనిపించింది. ఇంట్లో కొనేటప్పుడు చూస్తే తగ్గింది. యజమాని జీతం పెంచాల్సిన పని లేకుండా రూపాయి పతనమే జీతం పెంపులా కనిపించింది. రేటు బాగుందన్న మాట వెనక ఉన్న మోసం ఇదీ. జీతం పెంచమని అడగాల్సిన ప్రభుత్వాలు కూడా ఈ భ్రమ చాటున మౌనంగా ఉండగలుగుతాయి.

ఖద్దామా పనికి వెళ్లే స్త్రీల రక్షణకు నిబంధనలు లేకపోలేదు. పదో తరగతి లేని స్త్రీలు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్ ఇంటిపనికి వెళ్లకూడదని మన ప్రభుత్వం నియమం పెట్టింది. 2016 నుంచి వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నది. మన రాష్ట్రంలో ఆ పని ఓంకాప్ చేయాలి. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు లాక్కోకూడదనీ అందులో ఉంది. అయితే నాలుగు గోడల మధ్య జరిగే పనిని తనిఖీ చేసేదెవరు? అధికారిక దారి నిదానంగా కదులుతుంటే, విజిట్ వీసా చేతికిచ్చి విమానం ఎక్కించే ఏజెంటు దారి వేగంగా నడుస్తుంది. వీసా కోసం చేసిన అప్పు రూపాయల్లో, నూటికి నెలకు మూడు నాలుగు రూపాయల వడ్డీతో పెరుగుతుంది. మొదటి ఏడాది సంపాదన చాలావరకు దానికే సరి.

ఇది మన ఒక్క జిల్లా కథ కాదు. 2022లో శ్రీలంక రూపాయి కుప్పకూలి, డాలరు 200 నుంచి 360 దాకా పోయింది. ఆ జూన్‌లోనే అక్కడి ప్రభుత్వం స్త్రీలు విదేశాల్లో ఇంటిపనికి వెళ్లే కనీస వయసును 21 ఏళ్లకు దించింది. అంతకుముందు సౌదీకి వెళ్లాలంటే 25 ఏళ్లు నిండాలి. దేశానికి డాలర్లు కావాలి, అందుకు ఇంకా చిన్న వయసు ఆడపిల్లలు కావాలి. రూపాయి పతనానికీ స్త్రీల వలసకూ ఉన్న సంబంధాన్ని ఇంత పచ్చిగా ఒప్పుకున్న ప్రభుత్వ నిర్ణయం మరొకటి కనిపించదు.

తిరిగి వచ్చే స్త్రీ తెచ్చుకునే నగ సంగతి కూడా చూడాలి. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే స్త్రీ 40 గ్రాముల నగ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో ఉండేది. దాని విలువ లక్ష రూపాయలు మించకూడదని కూడా ఉండేది. 2025లో 10 గ్రాములే లక్ష దాటేసరికి ఆ 40 గ్రాముల వెసులుబాటు పేరుకే మిగిలింది. చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండానే ఆమె హక్కు నాలుగో వంతుకు కుదించుకుపోయింది. కాగితం మీద రూపాయల్లో రాసిన ప్రతి హక్కుకూ ఈ గతి పడుతుంది. వితంతు పెన్షనైనా, భరణమైనా, రూపాయల్లో స్థిరంగా రాస్తే ఏటేటా కరిగిపోతుంది. తులాల్లో రాసుకున్న కట్నం మాత్రం కరగదు.

కువైట్ వెళ్లే స్త్రీకి కనీసం పనికి జీతమనేది ఒకటి ఉంది. జమ్మలమడుగు వైపు మగ్గాల ఇళ్లలో స్త్రీల పనికి అదీ లేదు. చిలపల నూలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం, గంజి పెట్టడం చాలావరకు ఆడవాళ్లే చేస్తారు. మగ్గం మీద కూర్చున్న మనిషికి షావుకారు ఇచ్చే మజూరిలోనే ఇదంతా కలిసిపోతుంది. చేనేత గణన 2019–20 ప్రకారం దేశంలో ఈ పనివారిలో 70 శాతానికి పైగా స్త్రీలే.

రూపాయి బలహీనపడితే మన నూలు బయటి దేశాలకు చౌక అవుతుంది. మిల్లులు ఎగుమతికి మొగ్గుతాయి. మన మగ్గానికి నూలు ప్రియమవుతుంది. 1991లో నూలు ధరలు ఒక్కసారిగా పెరిగి, చీరాల ప్రాంతంతో సహా మన రాష్ట్రంలో చేనేత కుటుంబాల్లో ఆకలి చావులు సంభవించాయి. నూలు ఎగుమతులు పెరగడం అందుకు ఒక ముఖ్య కారణం. పట్టుచీరలు నేసే ఇళ్లకు మరో వైపు దెబ్బ. చైనా నుంచి వచ్చే ముడిపట్టు, చమురు నుంచి తయారయ్యే రంగులు, బంగారం వెండి ధరలతో ముడిపడ్డ జరీ, అన్నీ ప్రియమవుతాయి. చీర ధర పెరుగుతుంది. మజూరి పెరగదు. పెట్టుబడి పెరిగిపోయిందని షావుకారు మజూరిలోనే కోత పెడతాడు. నేతగాడు ఆ కోతను ఇంకొన్ని గంటల పనితో పూడ్చుకుంటాడు. ఆ గంటలకు సరిపడా కండెలు ఎవరు చుట్టాలి? భార్య, కూతురు. రూపాయి పతనానికి చెల్లించే ధరలో కొంత బడి మానేసిన ఆడపిల్ల రూపంలో ఉంటుంది. ఏ మారకపు రేటు పట్టికలోనూ అది కనిపించదు.

అయితే రూపాయి బలంగా ఉండి దిగుమతులు చౌకగా ఉంటే పేద ఇంటికి మేలని చెప్పగలమా? పులివెందుల వేరుశనగ చేలు ఆ మాట ఒప్పుకోవు. ప్రభుత్వం 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచి, సుంకం దించుకుంటూ 1998 నాటికి 15 శాతానికి తెచ్చింది. అంగట్లో నూనె చౌకయింది. వేరుశనగ ధర దెబ్బతింది. కలుపు తీసి, కాయలు పెరికి, ఒలిచి బతికే కూలి స్త్రీల పనిదినాలు దానితోపాటే తగ్గాయి. చౌక నూనె కొనడానికి చేతిలో కూలి డబ్బులు ఉండాలి కదా. దిగుమతి చౌక కావడం సుంకం వల్లనైనా, బలమైన రూపాయి వల్లనైనా, చేలో పనిచేసే స్త్రీకి ఫలితం ఒకటే.

రూపాయి బలహీనపడితే ఇదే ప్రాంతంలో ఇంకో బొమ్మ. అరటి గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోంది. 2020 జనవరిలో పక్కనున్న తాడిపత్రి నుంచి అరటి కంటైనర్లతో ముంబాయి ఓడరేవుకు రైలు వెళ్లింది. డాలరు రేటు పెరిగితే ఎగుమతిదారుకు లాభం. తోట యజమానికి కొంత చేరవచ్చు. అయితే అరటికి ఎక్కువగా వేసే పొటాష్ ఎరువు మొత్తం దిగుమతే, అదీ ప్రియమవుతుంది. గెలలు కడిగి, అట్టపెట్టెల్లో సర్దే స్త్రీకి కూలి రూపాయల్లోనే, అదీ మగవారి కూలి కంటే తక్కువ. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా, వంటగ్యాసులో సగానికి పైగా బయటి నుంచే రావాలి. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యి అందుకున్న ఇల్లు, సిలిండరు ధర పెరిగినప్పుడు మళ్లీ కంపచెట్ల దారి పడుతుంది. రూపాయి విలువలో తగ్గినది ఆమె మోపు బరువులో పెరుగుతుంది.

రూపాయి బలహీనపడితే ఎగుమతి పరిశ్రమల్లో స్త్రీలకు ఉద్యోగాలు వస్తాయన్న వాదనను కొట్టిపారేయనక్కర్లేదు. 2007లో రూపాయి బలపడినప్పుడు తిరుప్పూరు బట్టల పరిశ్రమలో ఆర్డర్లు తగ్గి పనులు పోయాయి. పని పోయినవారిలో స్త్రీలు ఎందరో ఉన్నారు. మరి పని ఉన్న రోజుల్లో సరుకు చౌకగా అమ్ముడైనది రూపాయి బలహీనత వల్ల మాత్రమేనా? స్త్రీల కూలి చౌకగా ఉండడం కూడా ఆ చౌకలో భాగం కాదా? మారకపు రేటు మీద నిలబడ్డ ఉద్యోగం మారకపు రేటుతోపాటే పోతుంది. కూలి హక్కు మీద నిలబడ్డ ఉద్యోగానికే కొంత స్థిరత్వం ఉంటుంది.

1931లో బలమైన రూపాయి రోజుల్లో నగలు పోయాయి. 1991లో బలహీన రూపాయి రోజుల్లో పోయాయి. పామాయిల్ చౌకైనా నష్టమే, ప్రియమైనా నష్టమే. ఇంత జరిగాక మనం తెలుసుకోవలసింది ఒకటి. రూపాయి ఎటు కదిలినా లాభం పత్రం ఉన్నవారికి చేరుతోంది. భూమి పట్టా, తాకట్టు రసీదు, బ్యాంకు ఖాతా, ఎగుమతి లైసెన్సు, చేనేత గుర్తింపు కార్డు, ఇవి ఎవరి పేరున ఉంటే వారి వైపే లాభం ఒరుగుతోంది. నష్టం మాత్రం పత్రం అడగదు. పొయ్యి దగ్గర ఎవరుంటే వారికి అంటుకుంటుంది. మారకపు రేటును మనం నిర్ణయించలేము. పత్రం మీద పేరు మాత్రం మన పోరాటంలోకి వచ్చే విషయమే.

అందుకే సంఘాల సమావేశాల్లో ప్రతి ఇంటి లెక్కనూ నాలుగు ప్రశ్నలతో వేయించమని కార్యకర్తలను కోరుతున్నాం. ఈ ఇంటి ఆదాయం ఏ డబ్బులో వస్తోంది, రూపాయిలోనా దీనారులోనా? ఖర్చుల్లో దిగుమతి సరుకులు ఏవి? అప్పు ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఏ నగ మీద? వీటికి సంబంధించిన కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు దిద్దుకుంటూ సారా లెక్క అడిగారు. ఆ లెక్క రాష్ట్రాన్నే కదిలించింది. రూపాయి లెక్క అంతకంటే కష్టమైనదేమీ కాదు.

ఆ లెక్క నుంచి పుట్టే డిమాండ్లు స్పష్టంగానే ఉన్నాయి. స్త్రీధనం జాబితా పెళ్లినాడే రాసి ఆమె చేతికివ్వాలి. ఆమె నగ కుదవ పెట్టాలంటే రసీదు ఆమె పేరున ఉండాలి, వేలం నోటీసు తెలుగులో ఆమెకే రావాలి. కువైట్ వెళ్లే ప్రతి స్త్రీకీ విమానం ఎక్కకముందే సొంత బ్యాంకు ఖాతా ఉండాలి. దీనార్లలో కనీస వేతనాన్ని ఇక్కడి ధరలతో పోల్చి కొన్నేళ్లకోసారి పెంచేలా రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉండాలి. ఓంకాప్ సేవలు ఏజెంటు కంటే ముందు పల్లెకు చేరాలి. నూలు ధర పెరిగినప్పుడు మజూరి దానితోపాటే పెరగాలి. కండెలు చుట్టే స్త్రీకి తన పేరున గుర్తింపు కార్డు ఉండాలి. రాష్ట్రంలో 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు చేసే స్త్రీలకు కార్డులు దక్కాలి. రూపాయల్లో రాసే పెన్షన్లు, భరణాలు ధరల సూచీకి ముడిపెట్టాలి. కట్నాన్ని తులాల్లో స్థిరంగా ఉంచుకోగలిగిన సమాజం స్త్రీల హక్కులను ధరలకు ముడిపెట్టడం సాధ్యం కాదంటే నమ్మనక్కర్లేదు.

రూపాయి మళ్లీ పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఈసారి ఆ వార్త వచ్చినప్పుడు మనం డాలరు రేటు దగ్గర ఆగిపోవద్దు. ప్రొద్దుటూరులో ఈ నెల ఎన్ని నగలు కుదవకు వచ్చాయో, ఎవరి పేరున వచ్చాయో అడుగుదాం. జమ్మలమడుగులో మజూరి ఎంతయిందో, పులివెందులలో ఆడకూలి ఎంతయిందో అడుగుదాం. కువైట్ విమానం ఎక్కుతున్న స్త్రీని ఆమె ఖాతా ఎవరి పేరున ఉందో అడుగుదాం. రూపాయి బలం ఎంతో మనకు ఆ జవాబులే చెప్పాలి.